చందుర్తి యుద్ధం (1758)

కరీంనగర్ వైపు ‘చందుర్తి’ అంటే వేములవాడకు దగ్గర్లో, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉన్న మండల కేంద్రమే గుర్తుకొస్తుంది. చరిత్ర పుస్తకాల్లో కనిపించే చందుర్తి అది కాదు. అది కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలోని చిన్న పల్లె. పిఠాపురం నుంచి కత్తిపూడి పోయే దారికి దగ్గర్లో, పొలాల నడుమ ఉంటుంది. 1758 డిసెంబరులో ఒక పొద్దుటి పూట అక్కడ ఫ్రెంచి సైన్యం, ఇంగ్లీషు సైన్యం తలపడ్డాయి. మధ్యాహ్నానికల్లా ఫ్రెంచి సేనాని గుర్రమెక్కి రాజమహేంద్రవరం దారి పట్టాడు. తెలుగు తీరం ఎవరి చేతిలో ఉండాలన్నది ఆ పూటతోనే చాలావరకు తేలిపోయింది. ఆ యుద్ధం జరిగిన నేల నిజాముది. ఆ రోజు నిజాం అక్కడ లేడు.

ఇరుగుపొరుగు రాజ్యాలు ఒక్క పోరుతో తగువు తేల్చుకోవడం యూరపులో మామూలే. 1665 జూన్ 17న మాంటెస్ క్లారోస్ దగ్గర పోర్చుగీసు సైన్యం స్పెయిన్ సైన్యాన్ని ఓడించింది. మూడేళ్ళ తర్వాత లిస్బన్ ఒడంబడికలో స్పెయిన్ పోర్చుగల్ స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంది. అక్కడ పోరాడిన రెండు పక్షాలూ తమ గడ్డ కోసం పోరాడాయి. చందుర్తి లెక్క వేరు. ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు మధ్య 1756లో మొదలైన ఏడేళ్ళ యుద్ధం జర్మనీలో, కెనడాలో, కరీబియన్ దీవుల్లో నడుస్తూ గోదావరి ఒడ్డుకు కూడా వచ్చింది. ఇక్కడ దానికి దొరికిన మేత హైదరాబాదు నిజాం ఇంటి తగాదా, విజయనగరం రాజుల పగ.

ఇంటి తగాదా సంగతి ముందు చూడాలి. తొలి అసఫ్‌జా 1748లో బుర్హాన్‌పూర్‌లో చనిపోగానే కొడుకు నాసిర్ జంగ్, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ గద్దె కోసం కత్తులు దూశారు. ఒకరికి ఇంగ్లీషువాళ్ళు, ఇంకొకరికి పుదుచ్చేరి గవర్నరు డూప్లే అండగా నిలిచారు. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్ హతమయ్యాడు. రెండు నెలలు తిరక్కుండానే, హైదరాబాదు చేరే దారిలో, కడప సీమలో ముజఫర్ జంగ్ కూడా చచ్చాడు. అతని వెంట వస్తున్న ఫ్రెంచి సేనాని బుస్సీ క్షణం ఆలోచించలేదు. అదే గుడారాల్లో ఖైదీగా ఉన్న అసఫ్‌జా మరో కొడుకు సలాబత్ జంగ్‌ను బయటికి తీసి నిజాంను చేశాడు. ఇలా గద్దెనెక్కినవాడు ఎక్కించినవాణ్ణి వదిలి బతకలేడు. ఆ తర్వాత ఏడేళ్ళు దక్కనులో బుస్సీ మాటే మాట.

బుస్సీ పటాలానికి జీతాలు ఎవరివ్వాలి? ఈ కథంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నిజాం ఖజానా నుంచి డబ్బు వేళకు రాదు. సిపాయిలు అలుగుతారు. దివాన్లు ఎగవేస్తారు. దాంతో 1753 చివర్లో బుస్సీ ఔరంగాబాదులో సలాబత్ జంగ్ చేత ఒక సనదు రాయించుకున్నాడు. ముస్తఫానగర్ అని పిలిచే కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం అనే నాలుగు సర్కారులు సైన్యం ఖర్చు కింద ఫ్రెంచివాళ్ళ వశమయ్యాయి. మచిలీపట్నం రేవు అప్పటికే వాళ్ళ చేతిలో ఉంది. కృష్ణకు ఉత్తరంగా ఒడిశా అంచు దాకా తీరమంతా, కాగితం మీద, పుదుచ్చేరి లెక్కల పుస్తకంలోకి వెళ్ళింది.

ఆ కాలపు యూరపు పనితనం తీరంలోనే ఆగలేదు. ఉత్తర తెలంగాణలో కోటలు చూసినవాళ్ళకు ఇది తెలుసు. ఎలగందులలో మానేరు పక్కన గుట్ట మీదున్న పాత కోట బండల వాలును బట్టి, ఎత్తును నమ్ముకుని కట్టింది. జగిత్యాల కోట అలా కాదు. చదునైన నేల మీద, చుట్టూ కందకంతో, నక్షత్రం కోణాల్లాగా ముందుకు పొడుచుకొచ్చిన బురుజులతో ఉంటుంది. ఏ గోడ మీదికి శత్రువు వచ్చినా పక్క బురుజు నుంచి కాల్చే వీలుండాలన్నది ఆ కోణాల లెక్క. ఎలగందుల ఏలికగా ఉన్న ఇబ్రహీం ఖాన్ ధంసా దాన్ని 1747లో ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించాడని చెబుతారు. వాళ్ళ పేర్లు జాక్, టాల్ అనీ, వాళ్ళ మీదే ఊరికి జగిత్యాల అని పేరొచ్చిందనీ ఓ కథ. కథగా వినడానికి బాగుంటుంది. పేరు సంగతి ఎలా ఉన్నా, గోడల గీత మాత్రం ఫిరంగి కాలపు యూరపు గీతే. నిర్మల్ చుట్టూ గుట్టల మీదున్న శ్యాంగఢ్, బత్తీస్‌గఢ్ కోటలను కూడా జనం ఫ్రెంచి చేతి పనిగానే చెప్పుకుంటారు.

బుస్సీ తయారుచేసిన మనుషులు కూడా ఇలాగే దేశమంతా చెదిరారు. అతని దగ్గర కవాతు నేర్చిన ఇబ్రహీం ఖాన్ తర్వాత నిజాం తమ్ముడి కొలువులోకి, అక్కణ్ణుంచి మరాఠాల కొలువులోకి పోయి 1761లో మూడో పానిపట్టులో వాళ్ళ ఫిరంగులు నడిపించి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతని పేరు వెనక నిలిచిన ‘గార్దీ’ అనే బిరుదు ఫ్రెంచి మాట నుంచి వచ్చిందే.

ఇక విజయనగరం పగ. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను నేలమట్టం చేశాయి. ఆయన్ను అక్కడికి తోడుకుపోయింది పూసపాటి పెద విజయరామరాజు. కొన్నాళ్ళకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన గుడారంలోనే పొడిచి చంపాడు. బొబ్బిలి కథను ఇక్కడితో ఆపేస్తారు తెలుగు నాటకాలవాళ్ళు. చందుర్తి కథ ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. తర్వాత గద్దెకొచ్చిన ఆనంద గజపతిరాజుకు బుస్సీతో పొసగలేదు. పేష్కషు (కప్పం) లెక్కల్లోనూ, జమీందారీ మర్యాదల్లోనూ ఫ్రెంచివాళ్ళు తనకు అన్యాయం చేశారన్న కసి లోపల మండుతూ ఉంది.

అవకాశం మరుసటేడే వచ్చింది. 1758 ఏప్రిల్‌లో పుదుచ్చేరిలో దిగిన కొత్త సేనాని లాలీకి దక్కను రాజకీయం పట్టదు. మద్రాసు కోటను పట్టుకోవడం ఒక్కటే అతని ధ్యాస. హైదరాబాదు దర్బారులో ఏడేళ్ళుగా పాతుకుపోయిన బుస్సీని వెంటనే రమ్మని కబురు పెట్టాడు. సలాబత్ జంగ్ బతిమాలాడు. బుస్సీ వెళ్ళక తప్పలేదు. సర్కారుల భారం మార్క్విస్ ద కాన్‌ఫ్లాన్స్ అనే, ఈ దేశపు అలవాట్లు బొత్తిగా తెలియని అధికారి మీద పడింది. బుస్సీ వెనుదిరగ్గానే ఆనందరాజు విశాఖపట్నంలో ఫ్రెంచి జెండా దించేసి, వచ్చి సర్కారులు పట్టుకోండని ఇంగ్లీషువాళ్ళకు కబురంపాడు.

మద్రాసువాళ్ళు కుదరదన్నారు. లాలీ తమ మీదికే వస్తుంటే ఇంకొకరి సాయానికి మనుషులెక్కడ? కబురు కలకత్తాకు వెళ్ళింది. అక్కడ కౌన్సిల్లో ఎక్కువమంది ఒప్పుకోకపోయినా క్లైవు ఒప్పుకున్నాడు. ప్లాసీ గడిచి ఏడాదే అయింది. బెంగాల్ ఇంకా కుదురుకోలేదు. అయినా బెంగాల్ సైన్యంలో మంచి భాగాన్ని ఓడలెక్కించి పంపాడు. ఇది పెద్ద జూదమే. అతని లెక్క సూటిగా ఉంది. సర్కారుల ఆదాయం ఆగితే లాలీ యుద్ధం చేయలేడు. ఫ్రెంచి బలగం రెండుగా చీలితే మద్రాసు మీద ఒత్తిడి తగ్గుతుంది.

కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డు అక్టోబరు 20న విశాఖపట్నంలో దిగాడు. వెంట 500 మంది యూరోపియన్లు, 2,000 మంది సిపాయిలు ఉన్నారు. కశింకోట దగ్గర ఆనందరాజు బలగంతో కలిశాడు. వెంటనే బేరం మొదలైంది. సైన్యం ఖర్చుకు రాజు నెలకు 50,000 రూపాయలు, ఆఫీసర్లకు అదనంగా 6,000 రూపాయలు ఇవ్వాలి. గెలిచిన లోపలి సీమలు రాజువి, రేవులు ఈస్టిండియా కంపెనీవి. ఫోర్డు డబ్బడుగుతాడు. రాజు రేపంటాడు. బుస్సీకి సలాబత్ జంగ్‌తో ఉన్న తలనొప్పే ఇప్పుడు ఫోర్డుకు ఆనందరాజుతో వచ్చింది. కశింకోట నుంచి పిఠాపురం దాకా నడక నత్తనడకే అయింది.

కాన్‌ఫ్లాన్స్ మచిలీపట్నం నుంచి గోదావరి దాటి వచ్చి గొల్లప్రోలు ప్రాంతంలో బలమైన చోటు చూసుకుని విడిది చేశాడు. అతని దగ్గర 500 మంది యూరోపియన్లు, దాదాపు 6,000 మంది సిపాయిలు, ముప్పైకి పైగా ఫిరంగులు, స్థానిక జమీందార్ల గుర్రపు దండు ఉన్నాయి. ఫోర్డు వైపు యుద్ధానికి నిలబడగలిగినవాళ్ళు 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు. ఆనందరాజు మనుషులు ఐదు వేల పైచిలుకు ఉన్నా చాలామంది చేతుల్లో ఈటెలూ విల్లంబులే. ఫోర్డు వాళ్ళను లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించదు.

రెండు వైపులా తుపాకి పట్టినవాళ్ళలో నూటికి దాదాపు తొంభై మంది ఈ దేశపు మనుషులే. ఇంగ్లీషు, ఫ్రెంచి యుద్ధం అంటూ పుస్తకాలు రాసిన దాంట్లో ఈ సంగతి పక్కకు పోతుంది. మద్రాసు వైపు నుంచి క్లైవు బెంగాల్‌కు తీసుకుపోయిన సిపాయిలను అక్కడి జనం ‘తెలింగాలు’ అనేవారు. తెలుగు నేల నుంచి వచ్చినవాళ్ళని దాని అర్థం. కొన్నేళ్ళకు ఆ మాట కులంతో, ఊరితో పని లేకుండా ఎర్రకోటు వేసుకున్న సిపాయి ఎవరికైనా పేరైపోయింది. ఉత్తర భారతంలో సిపాయిని ‘తిలంగా’ అనడం చాలా కాలం నడిచింది. ఫోర్డు వెంట బెంగాల్ నుంచి వచ్చిన పటాలాన్ని కలకత్తాలో ఈ పేరుతోనే పిలిచి ఉంటారు. తెలింగాలు తెలుగు నేల మీదికే యుద్ధానికి రావడం చరిత్ర చేసిన చిన్న చమత్కారం.

ఇరు సైన్యాలూ కొన్ని రోజులు ఎదురెదురుగా ఊరికే కూచున్నాయి. ఎవరి చోటు వారికి బలంగా ఉంది. ముందు కదిలినవాడికి నష్టం. ఒక రాత్రి ఇద్దరు సేనానులకూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, కదలాలనిపించింది. ఫోర్డు తెల్లవారుజామున నాలుగింటికి చేబ్రోలు విడిది నుంచి చప్పుడు లేకుండా బయల్దేరి చందుర్తి ఊరి వైపు నడిచాడు. వెంటే వస్తానన్న రాజు పడుకునే ఉన్నాడు. అదే రాత్రి కాన్‌ఫ్లాన్స్ కొన్ని ఫిరంగులను చీకట్లో మోయించి, ఇంగ్లీషు విడిదికి గురిపెట్టే చోట నిలబెట్టాడు. తెల్లారగానే పేల్చాడు. గుండ్లు పడింది రాజు గుడారాల మీద. రాజుగారి జనం నిద్ర మొహాలతో లేచి ఫోర్డు ఏ దారిన పోయాడో ఆ దారినే పరుగు తీశారు. వెనక్కి రమ్మని రాజు ఫోర్డుకు మనిషి వెనక మనిషిని పంపాడు. ఫోర్డు ఆగలేదు. చందుర్తి ఊరు చేరి, దాన్ని ఆనుకుని సైన్యాన్ని బారుగా నిలిపాడు. నడుమ యూరోపియన్లు, రెండు పక్కలా సిపాయిలు.

ఇంగ్లీషువాళ్ళు భయపడి పారిపోతున్నారనుకున్నాడు కాన్‌ఫ్లాన్స్. ఊరు వాళ్ళ చేతికి చిక్కకముందే కొట్టాలని మొత్తం బలాన్ని ముందుకు తోలాడు. ఇక్కడే పంట చేను యుద్ధంలో దిగింది. ఇంగ్లీషు బారుకు నడుమ, యూరోపియన్ల పటాలం ముందు ఏపుగా ఎదిగిన చేను ఉంది. దాన్ని ఇంగ్లీషు చరిత్రకారులు మొక్కజొన్న అనే అర్థం వచ్చే మాటతో రాశారు. ఆ రోజుల్లో దొరలు జొన్ననూ ఆ పేరుతోనే పిలిచిన సందర్భాలున్నాయి కాబట్టి జొన్న చేనే అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కరీంనగర్ పల్లెల్లో మక్క చేల గట్ల మీద నడిచినవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. కంకి పట్టిన చేనులో పది అడుగుల అవతల మనిషి నిలబడ్డా కనపడడు. ఆకుల గలగలే తప్ప అడుగుల చప్పుడూ వినపడదు.

ఆ ఆకుల వెనక ఫోర్డు తన 470 మందిని కదలకుండా ఆపాడు. ఎడమ పక్కనున్న సిపాయిలు మాత్రం చేను దాటి బయట కనిపిస్తున్నారు. వాళ్ళు వేసుకున్నది కంపెనీ ఎర్రకోట్లు. ఫ్రెంచి సిపాయిలు అలా వేసుకోరు. సిపాయి పటాలాలకు గుర్తుగా ఉండే చిన్న జెండాలను ఫోర్డు ముందే దించేయించాడు. దూరం నుంచి చూసిన ఫ్రెంచివాళ్ళు ఎర్ర బారును చూసి వీళ్ళే ఇంగ్లీషు సోల్జర్లనుకున్నారు. తమ మేటి పటాలాన్ని, ముందు గ్రెనేడియర్లతో సహా, నేరుగా వాళ్ళ మీదికి నడిపించారు. సిపాయిలు కాసేపు నిలబడి కాల్చారు. తర్వాత వరస చెదిరి చేబ్రోలు వైపు వెనక్కి తగ్గారు. గెలిచామనుకున్న ఫ్రెంచి పటాలం వరస తప్పి వాళ్ళను తరమబోయింది.

అప్పుడు పక్కన చేను కదిలింది. కెప్టెన్ ఆడ్నెట్ ముందు నడుస్తుండగా ఇంగ్లీషు యూరోపియన్ పటాలం చేనులోంచి బయటికొచ్చి, పక్కకు తిరిగి, ఫ్రెంచివాళ్ళ పక్కటెముకల్లోకి ఒక్కసారిగా కాల్పులు జరిపింది. మొదటి దెబ్బకే గ్రెనేడియర్లలో సగం మంది కూలారు. ఎదుటివాణ్ణి చూస్తూ నడిచే పటాలం పక్కనుంచి వచ్చే దెబ్బకు తిరగడానికి సమయం కావాలి. ఆ సమయం వాళ్ళకు దొరకలేదు. మిగిలినవాళ్ళు అర మైలు వెనకున్న తమ ఫిరంగుల దాకా పరుగెత్తారు. ఆడ్నెట్ అక్కడే ప్రాణాంతకమైన దెబ్బ తిన్నాడు. అతని పటాలం మాత్రం ఆగకుండా తరిమి పదమూడు ఫిరంగులను పట్టుకుంది. నడుమ విరిగాక రెండు పక్కలా ఉన్న ఫ్రెంచి సిపాయిలు కూడా వెనుదిరిగారు. ఫోర్డు అక్కడితో ఊరుకోలేదు. సిపాయిలను మళ్ళీ పోగు చేసుకుని నేరుగా ఫ్రెంచి విడిది మీదికి నడిచాడు. అక్కడ పెద్దగా ఎదురు నిలిచినవాళ్ళు లేరు.

ఇంగ్లీషు యూరోపియన్లలో చచ్చినవాళ్ళు 16 మంది, గాయపడ్డవాళ్ళు 31 మంది. సిపాయిల్లో చచ్చినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి వందకు పైనే. ఆఫీసర్ల పేర్లు నివేదికల్లో ఉన్నాయి, ఈ వంద మంది పేర్లు లేవు. ఫ్రెంచి యూరోపియన్లు 70 మంది దాకా చచ్చారు. దాదాపు అంతమందే పట్టుబడ్డారు. మొత్తం మీద ముప్పైకి పైగా ఫిరంగులు, మందుగుండు బండ్లు, గుడారాలన్నీ చిక్కాయి. వాటికన్నా విలువైనవి మూడు వేల బండి ఎడ్లు. నల్లరేగడిలో ఫిరంగి లాగాలంటే ఎడ్లే గతి. అవి పోయాక కాన్‌ఫ్లాన్స్ ఇంకో యుద్ధం చేయాలనుకున్నా ఫిరంగులు కదలవు. అతను మాత్రం దారి పొడుగునా గుర్రాలు మారుస్తూ ఆ అర్ధరాత్రికే రాజమహేంద్రవరం చేరాడు. ఎడ్లు లేని సేనానికి గుర్రం మిగిలింది.

కెప్టెన్ నాక్స్ సిపాయిలతో వెంటబడి రాజమహేంద్రవరం మట్టికోటను పట్టుకున్నాడు. ఫ్రెంచివాళ్ళు గోదావరి దాటి మచిలీపట్నం పోయారు. ఫోర్డు అదే ఊపులో వాళ్ళ వెనకే వెళ్ళి ఉంటే కథ పది రోజుల్లో ముగిసేది. డబ్బు అడ్డొచ్చింది. యుద్ధం గెలిచాక రాజు ఇంకా బిగుసుకున్నాడు. జనవరి నెల దాదాపు మొత్తం బేరాలకే పోయింది. రాజు ఇచ్చేదంతా అప్పుగా లెక్కగట్టాలనీ, గోదావరికి అవతల గెలిచే సీమల ఆదాయం చెరిసగం పంచుకోవాలనీ కొత్త ఒప్పందం రాసుకున్నాక గాని దండు కదల్లేదు. ఫోర్డు మచిలీపట్నం కోట ముందు నిలబడేసరికి 1759 మార్చి 6.

అక్కడి ముట్టడి ఒక పుస్తకమంత కథ. మూడు పక్కలా ఊబి, సముద్రం. ఒక్క పక్కే దారి. లోపల 500 మంది యూరోపియన్లు, రెండు వేలకు పైగా సిపాయిలు. బయట ఫోర్డు దగ్గర మందుగుండు తరిగిపోతోంది. జీతాలు బాకీ పడ్డ యూరోపియన్ సోల్జర్లు తుపాకులు పట్టుకుని తిరగబడ్డారు. కోట పడితే దోపుడు సొమ్ము మొత్తం మాకే ఇవ్వాలన్నారు. ఫోర్డు నచ్చజెప్పి నిలబెట్టాడు. ఇంతలో సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చి, ఇంటికి పొమ్మని ఆనందరాజుకు ఫర్మానా పంపాడు. రాజు మూటాముల్లె సర్దుకుని బయల్దేరబోతే, దారిలో నిజాం గుర్రపుదండు చేతికి చిక్కుతావని ఫోర్డు బెదిరించి ఆపాడు.

ముందు కోట, వెనక నిజాం సైన్యం. రెండు పక్కల మధ్య నలిగిపోయే ముందు ఫోర్డు ఏప్రిల్ 7 రాత్రి ఆఖరి దెబ్బ కొట్టాడు. నాక్స్ ఊబి వైపు నుంచి ఉత్తుత్తి దాడి చేసి లోపలివాళ్ళ చూపు మరల్చాడు. అసలు దండు మోకాలి లోతు బురదలో నడిచి ఇంకో పక్క బురుజులెక్కింది. తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. లొంగినవాళ్ళు మూడు వేల మంది. లొంగదీసినవాళ్ళు అంతకన్నా తక్కువ. యుద్ధాల్లో ఈ లెక్క అరుదుగా తిరగబడుతుంది.

సలాబత్ జంగ్ బెజవాడలో కొన్నాళ్ళు ఆలోచించాడు. ఫ్రెంచి సాయపు ఓడలు రేవు దాకా వచ్చి, కోట పడిపోయిందని తెలుసుకుని తిరిగి వెళ్ళిపోయాయి. అటు హైదరాబాదు మీద తమ్ముడు నిజాం అలీ కన్నేశాడు. ఇంట్లో దొంగ పడ్డప్పుడు తోట కాపలాకు ఎవరు కూచుంటారు? 1759 మే 14న ఒప్పందం అయింది. మచిలీపట్నం, దాని చుట్టూ ఎనిమిది పరగణాలు, నిజాంపట్నం ఇంగ్లీషు కంపెనీకి ఇనాము. ఫ్రెంచివాళ్ళు పదిహేను రోజుల్లో దేశం దాటాలి. నిజాం ఇక ఫ్రెంచి పటాలాన్ని కొలువులో పెట్టుకోకూడదు. మూడేళ్ళకు సలాబత్ జంగ్‌ను నిజాం అలీ బీదరు కోటలో బంధించాడు. 1763లో అక్కడే అతని కథ ముగిసింది.

చరిత్ర పాఠాల్లో ప్లాసీకి, వందవాసికి దొరికే చోటు చందుర్తికి దొరకదు. వందవాసి 1760 జనవరి 22న జరిగింది. లాలీ ఓడిపోయాడు, బుస్సీ పట్టుబడ్డాడు. మరుసటేడు పుదుచ్చేరి పడింది. కానీ వందవాసి నాటికే లాలీ సైన్యం నెలల తరబడి జీతాల్లేక తిరుగుబాటు దాకా వచ్చింది. ఆ జీతాలకు ఆధారంగా ఉండాల్సిన సర్కారుల రాబడి చందుర్తితో, మచిలీపట్నంతో తెగిపోయింది. బుస్సీని వెనక్కి పిలవడమే లాలీ చేసిన పెద్ద తప్పనే మాట ఫ్రెంచి చరిత్రకారులు కూడా రాశారు. ఆ తప్పుకు ఖరీదు కట్టిన చోటు చందుర్తి పొలం.

తెలంగాణ పాఠకుడికి దీంతో ఇంకో లెక్క ఉంది. 1765లో క్లైవు మొగలు పాదుషా షా ఆలం చేత ఉత్తర సర్కారులకు ఫర్మానా తీయించాడు. నిజాం అలీ కోపించి యుద్ధానికి సిద్ధపడ్డాడు గాని, 1766 నవంబరు 12న హైదరాబాదులో సంధికి వచ్చాడు. ఐదు సర్కారులకు ఏడాదికి తొమ్మిది లక్షల రూపాయల పేష్కషు. గుంటూరు సర్కారు మాత్రం తమ్ముడు బసాలత్ జంగ్ బతికినన్నాళ్ళూ అతనిది. అది 1788లో కంపెనీ చేతికి వచ్చింది. దాంతో ఒకే భాష మాట్లాడే నేల రెండు కచేరీల కిందికి పోయింది. అటు రాజమండ్రి, మచిలీపట్నం కలెక్టర్లూ, ఇంగ్లీషు కోర్టులూ. ఇటు ఎలగందుల, నిర్మల్, జగిత్యాల కిలేదార్లూ, ఫార్సీ దఫ్తర్లూ. అటు కాకినాడలో ఇంగ్లీషు బడి, ఇటు కరీంనగర్‌లో ఉర్దూ మదరసా. ఇదంతా ఒక్క పొద్దుటి కాల్పులతో జరిగిందనడం ఎక్కువే అవుతుంది. కానీ ఆ కాల్పులకు ముందు నిజాంకు తీరం మీద ఉన్న పట్టు, ఆ తర్వాత ఎన్నడూ తిరిగి రాలేదు.

ఈ సరిహద్దు గీత అక్కడితోనూ ఆగలేదు. 1860లో నిజాం గోదావరికి, ప్రాణహితకు ఎడమ ఒడ్డున ఉన్న సీమను ఇంగ్లీషువాళ్ళకు వదులుకుని, బదులుగా రాయచూరు అంతర్వేదిని, ధారాశివ్‌ను తిరిగి తీసుకున్నాడు. సిరొంచ, భద్రాచలం అలా చేయి మారాయి. మహాదేవపూర్ అడవుల అంచున, కాళేశ్వరం రేవులో నిలబడి చూస్తే ఎదురు ఒడ్డు కనిపించేంత దూరం. నిన్నటిదాకా ఒకే రాజ్యంలో ఉన్న ఒడ్డు, రాత్రికి రాత్రి ఇంగ్లీషు ఇలాకా అయింది. ఆదిలాబాదు, కరీంనగర్ ప్రజలకు ‘అంగ్రేజు రాజ్యం’ అంటే నది దాటితే వచ్చేది. ఇప్పటికీ సిరొంచలో తెలుగు వినపడుతుంది. తాలూకా మాత్రం మహారాష్ట్రది.

ఇక పేష్కషు. నిజాం ఖజానాకు ఏటేటా రావాల్సిన ఆ సొమ్ము 1823లో ఒకేసారి తెగ్గొట్టారు. కంపెనీ కోటీ 16 లక్షల రూపాయల పైచిలుకు ఇచ్చి ఇక మీకు బాకీ లేదంది. ఆ డబ్బు హైదరాబాదులో ఆగలేదు. విలియం పామర్ అనే షావుకారు సంస్థకు నిజాం పడ్డ అప్పు తీర్చడానికి సరిపోయింది. 1753లో సిపాయిల జీతం కోసం వదిలిన సర్కారులు, డెబ్భై ఏళ్ళకు వడ్డీ లెక్కలో కలిసిపోయాయి.

ఆ యుద్ధంలో పేరు మోసినవాళ్ళెవరికీ అది పెద్దగా కలిసిరాలేదు. ఆనందరాజు తర్వాత విజయనగరం గద్దెకొచ్చిన చిన విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ తుపాకుల ముందే నేలకొరిగాడు. లాలీకి పారిస్‌లో 1766లో తల తీశారు. బుస్సీ చాలా ఏళ్ళకు మళ్ళీ ఈ దేశం వచ్చి 1785లో పుదుచ్చేరిలో కన్నుమూశాడు. ఫోర్డు చందుర్తి గెలిచిన మరుసటేడే బెంగాల్‌లో డచ్చివాళ్ళను ఓడించాడు. అయినా కంపెనీ డైరెక్టర్లు అతని పదవిని ఖాయం చేయలేదు. కొన్నాళ్ళకు పెద్ద ఉద్యోగమిచ్చి ఇండియాకు పంపారు. అతనెక్కిన ‘అరోరా’ ఓడ 1769 డిసెంబరులో కేప్ రేవు దాటింది. తర్వాత దాని జాడ లేదు.

చేనులోంచి బయటికొచ్చి కాల్చిన బెంగాల్ యూరోపియన్ పటాలం తర్వాత చాలాసార్లు పేరు మార్చుకుని, చివరికి ఐర్లండుకు చెందిన రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలీర్స్ అయింది. ఆ యుద్ధ గౌరవాన్ని ఆ దండు తన జెండా మీద మోసింది. 1922లో ఐర్లండు విడిపోయినప్పుడు దండును రద్దు చేశారు. జెండాలు విండ్సర్ కోటకు చేరాయి. వాటి మీద కుట్టిన యుద్ధాల వరసలో చందుర్తి అన్న మాట కనిపించదు. దొరల నోట పలికినట్టుగా ‘కాండోర్’ అని ఉంటుంది.